విలేకరి సంచి నుంచి సమాఖ్య ఆఫీసు దాకా
(వార్షిక మహాసభలో సమాచార విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పోయిన నెల కార్యవర్గం మీటింగులో మమ్మల్ని పిలిచి ఒక మాట అన్నారు. "మీరిద్దరూ పేపర్లో పనిచేసి ఇటొచ్చారు గదా. ఎట్టా వచ్చారో, ఇక్కడ ఏం చేస్తన్నారో మహాసభలో చెప్పండి. నెలనెలా మీ జీతం సమాఖ్య ఖాతా నుంచి పోతా ఉంది. మీ పనేందో సగం మందికి తెలీదు." న్యాయమైన మాటే. బుక్ కీపర్ పని పుస్తకంలో కనపడుతుంది, సీసీ పని రికవరీలో కనపడుతుంది. మా పని గోడమీద పోస్టరు, ఫోనులో మెసేజీ, ఏడాదికొకసారి ఈ నివేదిక పుస్తకం. అందుకని ఇద్దరం కూర్చుని ఈ మాటలు రాసుకున్నాం. చదివేది ఒకరమే అయినా మాటలు ఇద్దరివీ, కాబట్టి అంతా 'మేము' అనే ఉంటుంది.

మా ఇద్దరిలో పెద్దామెది మెట్ట ప్రాంతం. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం జరిగినప్పుడు ఆమె రాత్రిబడి వలంటీరు. కిరోసిన్ లాంతరు కింద కూలి పనులనుంచి వచ్చిన ఆడవాళ్లకు అక్షరాలు దిద్దించేది. ఆ వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది, సారాకు బలైపోయిన సంసారం కథ. దాన్ని చదివి దూబగుంట ఆడవాళ్లు సారా అంగడి మూయించిన సంగతి మీలో పెద్దవాళ్లకు బాగా తెలుసు. రోశమ్మ గారిని చూసినవాళ్లు కూడా ఈ హాల్లో ఉన్నారు. 1992 నాటికి అది జిల్లా అంతా పాకింది, సారా వేలంపాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

ఇదంతా మీకు తెలిసిందే, ఎందుకు చెప్తున్నామంటే, ఒక ఊరివాళ్లు చేసింది ఇంకో ఊరికి ఎట్లా తెలిసింది అన్నది మేము తర్వాత చాలాసార్లు ఆలోచించుకున్నాం. అప్పుడు ఫోన్లు లేవు. కూలికి పోయిన చోట చెప్పుకున్నారు, కళాజాతాలు తిరిగాయి, ఇంకొంత పత్రికల వల్ల తెలిసింది. ఈనాడులో 'సారాపై సమరం' అని ప్రత్యేకంగా వార్తలు వచ్చేవి. రాత్రిబడిలో ఆ వార్తలు పైకి చదివి వినిపించడం మా పెద్దామె పని. "పలానా ఊళ్లో సారా బండిని ఆపేసినారంట" అని చదవగానే, మర్నాడు ఇక్కడ పదిమంది రోడ్డుమీద కూర్చునేవాళ్లు. వార్తకు అంత బలం ఉంటుందని ఆమెకు తెలిసింది జర్నలిజం స్కూల్లో కాదు. తర్వాత రోజుకు రూపాయి లెక్కన దాచుకునే పొదుపు లక్ష్మి సంఘాలు కూడా ఆ ఊళ్లలోనే, ఆ మనుషులతోనే మొదలయ్యాయి. మన సమాఖ్య వేరు కూడా అక్కడే ఉంది.

ఆ ఊపులోనే ఆమె ఒక పత్రికకు మండల విలేకరి అయింది. కంట్రిబ్యూటర్ అంటారు. మండలం మొత్తానికి ఆడ విలేకరి ఆమె ఒక్కతే. పొద్దున పోలీస్ స్టేషను, తహసీల్దారు ఆఫీసు, ఆస్పత్రి తిరిగి, వార్తలు తెల్లకాగితాల మీద రాసి, కవర్లో పెట్టి, మధ్యాహ్నం నెల్లూరు పోయే ఆర్టీసీ బస్సు డ్రైవరు చేతికి ఇచ్చేది. బస్సు తప్పితే వార్త తప్పినట్టే. అర్జెంటుదైతే ఎస్టీడీ బూతులో ఫ్యాక్సు, దాని ఖర్చు మనదే.

జీతం ఉండేది కాదు. లైన్ అకౌంట్ అనేవాళ్లు. అచ్చయిన వార్తల్ని కత్తిరించి అంటించి, ఎన్ని సెంటీమీటర్లు వచ్చిందో కొలిచి పంపితే, దాని లెక్కన డబ్బులొచ్చేవి. వాటితో పెట్రోలు ఖర్చు కూడా గట్టెక్కేది కాదు. కూలి కొలిచి ఇచ్చే పద్ధతి మీకు కొత్త కాదు, ఉపాధి పనిలో మట్టి కొలిచినట్టే వార్తను కొలిచేవాళ్లు. తేడా ఏమిటంటే మట్టి మీరు ఎంత తవ్వితే అంత. మేం రాసింది బారెడు, వాళ్లు వేసింది బెత్తెడు.

అసలు చిక్కు అది కాదు. ప్రకటనల టార్గెట్లు. ఆగస్టు 15, జనవరి 26, కొత్త సంవత్సరం, పత్రిక వార్షికోత్సవం, ఇవన్నీ విలేకరి పండగలు కాదు, విలేకరి గండాలు. ఇంత మొత్తానికి యాడ్స్ తేవాలని పైనుంచి చెప్తారు. మండలంలో యాడ్ ఇచ్చేది ఎవరు? కాంట్రాక్టరు, రైసుమిల్లు యజమాని, స్కూలు కరస్పాండెంటు, నాయకుడు. మొన్న ఆయన ఫొటోతో శుభాకాంక్షల ప్రకటన ఇప్పించుకుని, రేపు ఆయన చెరువు పనిలో మట్టి ఎంత తోలాడో, బిల్లు ఎంత రాశాడో రాయాలి. ఎట్టా రాస్తారు? కొందరు రాశారు, ఉద్యోగం పోగొట్టుకున్నారు. కొందరు రాయలేదు. ఎక్కువ మంది మధ్యలో ఎక్కడో నిలబడి కాలం గడిపారు. ఆ పని చేసేవాళ్లందరినీ తప్పుపట్టడం మాకు ఇష్టంలేదు. ఇప్పటికీ మన మండలాల్లో తిరిగే విలేకరులు చాలామంది అదే కష్టంలో ఉన్నారు. మీరు వాళ్లతో మాట్లాడేటప్పుడు అది గుర్తుపెట్టుకోండి.

మా ఇద్దరిలో చిన్నామెది వేరే దారి. నెల్లూరులో డిగ్రీ చదివి, రాతపరీక్ష పాసై, ఒక దినపత్రిక జిల్లా డెస్కులో సబ్ ఎడిటర్‌గా చేరింది. మండలాల నుంచి వచ్చిన వార్తలు దిద్దడం, హెడ్డింగు పెట్టడం, పేజీ కట్టించడం. సాయంత్రం నాలుగుకు పోతే అర్ధరాత్రికి ఇల్లు. పెళ్లి సంబంధాలు చూసేవాళ్లు "రాత్రి ఉద్యోగమా" అని లేచిపోయేవాళ్లు. పెద్దామె మండలం నుంచి పంపిన వార్త చిన్నామె చేతిమీదుగా పోయిన రోజులు కూడా ఉండొచ్చు. పత్రికలు వేరైనా మేం అలా అనుకుని నవ్వుకుంటూ ఉంటాం. డెస్కులో ఆమె నేర్చుకున్నది ఒకటే చెప్తాం. రాసినవాడు ఎంత గొప్పగా రాసినా, పేరు, ఊరు, అంకె మూడూ మళ్లీ చూడాలి. ఇంటిపేరు ఒక అక్షరం మారితే కేసు ఇంకొకరి నెత్తిన పడుతుంది. సున్నా ఒకటి ఎక్కువైతే వేలు లక్షలవుతాయి.

ఇద్దరం ఆ పనులనుంచి ఎట్లా బయటికొచ్చామంటే, మేం పెద్ద నిర్ణయం తీసుకుని వచ్చిందేమీ లేదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. మన తీరప్రాంతం పల్లెలు దెబ్బతిన్నాయి. సహాయానికి వచ్చిన ఒక సంస్థకు తెలుగులో వివరాలు రాసుకొచ్చే మనిషి కావాల్సి వచ్చింది. నెలకు కచ్చితంగా జీతం అన్నారు. పిల్లల ఫీజులు కట్టాలి. పెద్దామె విలేకరి సంచి పక్కన పెట్టి వాళ్లతో పోయింది. రెండేళ్లకని పోయి చాలా ఏళ్లు అలాంటి పనుల్లోనే ఉండిపోయింది, ఒక ప్రాజెక్టు అయిపోతే ఇంకోటి, మధ్యలో ఖాళీ నెలలు, ఆ ఖాళీలో పిల్లలకు ట్యూషన్లు. చిన్నామె సంగతి మీకు ఇంకా దగ్గర. 2020లో లాక్‌డౌన్ వచ్చింది, ప్రకటనలు ఆగిపోయాయి, పత్రికలు పేజీలు తగ్గించి జిల్లా టాబ్లాయిడ్లను మెయిన్ పేపర్లో కలిపేశాయి. డెస్కుల్లో మనుషులు ఎక్కువయ్యారు. ఆమెకూ ఫోను వచ్చింది. కొన్నాళ్లు ఒక యూట్యూబ్ ఛానలుకు గొంతు ఇచ్చింది, పెళ్లి ఆల్బమ్‌లకు నాలుగు ముక్కలు రాసిచ్చింది, బట్టల షాపు కరపత్రాలు రాసింది. మన సంఘాల వాళ్లు మాస్కులు కుడుతున్న రోజులవి. ఆ పని గురించి రాయడానికి సమాఖ్య ఆఫీసుకు వచ్చి, లెక్కలన్నీ చక్కగా రాసి ఇచ్చింది. తర్వాత కార్యవర్గం వాళ్లే పిలిపించారు. అప్పటికే ఇక్కడ పెద్దామె ఉంది.

మా పాత స్నేహితులు ఇప్పటికీ ఎకసెక్కం ఆడతారు. "వార్తలు రాసేవాళ్లు బాకా ఊదే పనిలో చేరారు" అని. ఈ మాటను మేం తేలిగ్గా తీసుకోం, ఎందుకంటే అందులో కొంత నిజం ఉంది. విలేకరి ఎవరి గురించి రాస్తాడో వాళ్ల జీతం తినడు. మేం తింటున్నాం. సమాఖ్య గురించి రాస్తూ సమాఖ్య దగ్గర జీతం తీసుకునే మనిషి ఎంతవరకు నిజం చెప్పగలదు? దీనికి మా దగ్గర ఉన్న జవాబు మేం చేసిన పనే. అందుకని రెండు మూడు సంగతులు వివరంగా చెప్తాం.

సునామీ రోజుల నుంచీ మేం చూసినదాంట్లో 'సక్సెస్ స్టోరీ' అని ఒకటి ఉంటుంది. దానికి ఒక అచ్చు ఉంది. మొదట ఆమె దిక్కులేనిది, మొగుడు తాగుబోతు, ఇల్లు గుడిసె. తర్వాత సంస్థ వచ్చింది. ఇప్పుడు ఆమె నవ్వుతూ ఉంది, పక్కన బర్రె ఉంది. ఆమెను 'లబ్ధిదారు' అని రాస్తారు. మన పుస్తకాల్లో ఆ మాట మేం తీసేశాం. తన పొదుపు పెట్టుకుని, అప్పు తీసుకుని, వడ్డీతో సహా తిరిగి కట్టే మనిషి లబ్ధిదారు ఎట్లా అవుతుంది? సభ్యురాలు అని రాస్తున్నాం. గమనించే ఉంటారు.

మేం ఇక్కడ చేరిన కొత్తల్లో అలాంటి కథ ఒకటి రాయమని వచ్చింది. ఒక సభ్యురాలు లోనుతో రెండు పాడి బర్రెలు కొన్నది, నెలకు 18 వేలు సంపాదిస్తోంది అని పైనుంచి వచ్చిన కాగితంలో ఉంది. మేం వాళ్లింటికి పోయి, పేడ కళ్లెత్తే దాకా ఆగి, కూర్చుని లెక్క వేశాం. రోజుకు 12 లీటర్లు, వెన్న శాతాన్ని బట్టి సగటున లీటరుకు 50 రూపాయలు, నెలకు 18 వేలు. నిజమే. దాణాకు 6,500, గడ్డికి 2,500, మందులకు 500, బ్యాంకు వాయిదా 4,000. మిగిలింది 4,500. అది కూడా పాలిచ్చే నెలల్లో. ఏడాదిలో నాలుగు నెలలు రెండూ ఒట్టిపోయి ఉంటాయి. ఆ నాలుగు నెలలూ మేపు ఖర్చు నెలకు 4 వేలు, వాయిదా 4 వేలు, రాబడి సున్నా. ఎనిమిది నెలల్లో మిగిలిన 36 వేలల్లో 32 వేలు ఆ నాలుగు నెలల్లోనే పోయాయి. ఏడాది చివరికి చేతిలో 4 వేలు.

ఆమె మా వంక చూసి, "ఈ లెక్క వేసినారంటే నా పరువు పోతాదేమో మే" అనింది. కాదు అన్నాం. అప్పు తీరేనాటికి రెండు బర్రెలు, దూడలు నీవే కదా, అది ఊరికే వచ్చిందా అన్నాం. ఆమె ఇంకో మాట చెప్పింది, అది కాగితంలో లేదు. రెండూ ఒకే వారంలో కొనడం వల్ల రెండూ ఒకేసారి ఒట్టిపోయాయంట. ఒకటి ముందు కొని, నాలుగైదు నెలలు ఆగి రెండోది కొనుంటే ఒకటి కాకపోతే ఒకటి పాలిస్తూ ఉండేది.

ఆ కథ మన కరపత్రికలో 'రెండు బర్రెల లెక్క' అని వేశాం, 4 వేలు అనే వేశాం, ఆమె చెప్పిన ఉపాయంతో సహా. ఆఫీసులో కొందరికి నచ్చలేదు, ఇది విజయగాథ ఎట్లా అవుతుంది అన్నారు. కానీ ఆ నెల మాకు వచ్చినన్ని ఫోన్లు ముందెప్పుడూ రాలేదు. ఎక్కడ కొనాలి, ఈనిక ఎన్నోది చూసుకోవాలి, రెండో విడత డబ్బు ఆగి ఇస్తారా అని. ఇప్పుడు మన గ్రామ సంఘాలు కొన్ని బర్రెల లోను రెండు విడతలుగా ఇస్తున్నాయి. 18 వేలు అని వేసుంటే అందరూ చదివి, బాగుందని పక్కన పెట్టేవాళ్లు. లేదంటే ఇంకో పదిమంది ఒకే వారంలో రెండేసి బర్రెలు కొనేవాళ్లు.

రెండోది పుకార్ల సంగతి. మాఫీ అనే మాట మన సంఘాలను ఎంత తిప్పలు పెట్టిందో కొత్తగా చెప్పక్కర్లేదు. 2014లో రుణమాఫీ వస్తుందని నమ్మి ఎన్నో సంఘాలు వాయిదాలు ఆపేశాయి. వడ్డీ మీద వడ్డీ పెరిగింది. తర్వాత ఏ ప్రభుత్వం ఏ పేరుతో ఎంత ఇచ్చినా, ఆపేసిన నెలల లెక్క సభ్యుల నెత్తినే పడింది, సకాలంలో కట్టేవాళ్లకు దక్కే సున్నా వడ్డీ పోయింది. ఏ పార్టీ గురించీ మేం మాట్లాడటం లేదు. మాట మన చెవికి వచ్చేసరికి ఏ రూపంలో ఉంటుందో అది చెప్తున్నాం.

ఈ ఏడాది కూడా ఒక వాయిస్ మెసేజీ తిరిగింది. "బ్యాంకు మేనేజరు గారే చెప్పినారు, ఈ నెల వాయిదాలు ఎవరూ కట్టొద్దు, మాఫీ లిస్టులో పేరు రాదు" అని మొగ గొంతు. సాయంత్రం ఆరుకు మాకు అందింది. విలేకరి అలవాటు ఇక్కడ పనికొచ్చింది. ముందు ఆ గొంతు ఎవరిదని అడగలేదు, ఆ మాట ఎవరి దగ్గర నుంచి పుట్టాలో వాళ్లను అడిగాం. బ్రాంచి మేనేజరు గారికి ఫోను, ఏపీఎం గారికి ఫోను, జిల్లా ఆఫీసుకు ఫోను. ముగ్గురూ లేదన్నారు. ముగ్గురి మాట తీసుకున్నాకే రాశాం. ఎనిమిదింటికి మెసేజీ తయారు.

ఇక్కడ మేం ఒక పని మార్చి చేశాం. ఆ మెసేజీ మా గొంతుతో పంపలేదు. ప్రతి ఊరి యానిమేటరునూ తన గొంతుతో, తన మాటల్లో, నలభై సెకన్లలో చెప్పి తన ఊరి గ్రూపులో పెట్టమన్నాం. మండలం నుంచి ఎవరో మేడం చెప్తే "వీళ్లు ఎప్పుడూ కట్టమనే అంటారు" అంటారు. రోజూ ఇంటికొచ్చే అమ్మాయి, "అక్కా, నేను మేనేజరు సారును అడిగించినా, అట్టాంటిదేం లేదంట, పదో తేదీ లోపల కట్టేయండి" అంటే నమ్ముతారు. మూడు సంఘాలు అప్పటికే ఆపేసి ఉన్నాయి, గడువు లోపల కట్టేశాయి. ఫోను లేని వాళ్లకు మర్నాడు పాల కేంద్రం దగ్గర చెప్పించాం. పత్రిక డెస్కులో ఉన్నప్పుడు ఖండన వార్త వేస్తే అది ఎవరూ చూడని మూలన పడేది. ఇక్కడ అది ఎక్కడ పడాలో మేమే చూసుకోగలిగాం. ఈ ఉద్యోగంలో మాకు నచ్చినవాటిలో ఇది మొదటిది.

ఫొటోల సంగతి కొంచెం చెప్పి ముందుకు పోతాం. సభ్యురాలి ఫొటో, పేరు వేసేముందు ఆమె సంతకం తీసుకుంటున్నాం, సంతకం ఒక్కటే కాదు, రాసింది చదివి వినిపిస్తున్నాం. "మొగుడు తాగి కొట్టేవాడు" అని అచ్చులో వస్తే, ఆ పేజీ రేపు ఆమె కూతురి పెళ్లి సంబంధం దాకా పోతుంది. ఆమె వద్దంటే ఆ ముక్క తీసేస్తాం, ఎంత మంచి కథ అయినా సరే. పత్రికలో ఉన్నప్పుడు దానికి టైము ఉండేది కాదు.

ఇప్పుడు మీలో చాలామంది ఎదురుచూస్తున్న సంగతి. ఈ ఏడాది నివేదికలో ఒక పేజీ గురించి కార్యవర్గంలో మూడు మీటింగులు నడిచాయి. ఒక గ్రామ సంఘంలో సభ్యులు కట్టిన వాయిదాలు పాసు పుస్తకాల్లో ఎక్కాయి, బ్యాంకులో ఎక్కలేదు. ఏడు నెలలు అట్లాగే నడిచింది. పుస్తకం రాసే మనిషి డబ్బు వాడుకుంది. ఒక సభ్యురాలు వేరే పనిమీద బ్యాంకుకు పోయి, లోను ఖాతా స్టేట్‌మెంట్ తీయించుకుంటే బయటపడింది. ఆమెకు చదువు రెండో తరగతి. అంకెలు చూసి, "నేను కట్టింది ఇందులో లేదే సారూ" అనింది.

ఆ సంగతి నివేదికలో వేయాలని మేం రాసుకొచ్చాం. అభ్యంతరాలు వచ్చాయి, అవి తీసిపారేసేవి కావు. బ్యాంకు సార్లు ఈ పుస్తకం చదువుతారు, లింకేజి తగ్గిస్తారేమో. పత్రికలవాళ్ల చేతిలో పడితే 'డ్వాక్రాలో గోల్‌మాల్' అని హెడ్డింగు పెడతారు. ఇన్నేళ్లుగా నిజాయితీగా రాసిన బుక్ కీపర్లందరికీ మచ్చ. ఒక అక్క అయితే, "ఇంటి గుట్టు మనమే వీధిలో పెట్టుకుంటామా" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

మా వాదన ఇది. పత్రికల్లో ఇన్నేళ్లు ఉండి వచ్చినవాళ్లం కాబట్టి చెప్తున్నాం, ఇలాంటి వార్త ఎట్లాగూ బయటికి పోతుంది. మనం ముందు చెప్తే ఎట్లా జరిగింది, ఎట్లా దొరికింది, ఎంత తిరిగి వచ్చింది అన్నీ ఉంటాయి. వేరేవాళ్లు చెప్తే మొదటి ముక్క ఒక్కటే ఉంటుంది. పైగా ఇది బ్యాంకు సార్ల కోసం రాసే పేజీ కాదు. మిగతా గ్రామ సంఘాల సభ్యులు చదివి, రేపు తమ స్టేట్‌మెంట్ తీయించుకుని పాసు పుస్తకంతో సరిచూసుకోవడానికి రాసే పేజీ. ఒక ఊరు సారా అంగడి మూసింది అని తెలిస్తే ఇంకో ఊరు కదిలిందే, ఇదీ అట్లాంటిదే. మంచి వార్త ఒక్కటే ఊరు దాటాలంటే కుదరదు.

పేజీ వేద్దామని చివరికి కార్యవర్గం ఒప్పుకుంది. ఊరి పేరు వేయాలా వద్దా అన్న దగ్గర మా ఇద్దరికే కుదర్లేదు. పెద్దామె వేయాలంది, పేరు లేని వార్త గాలి వార్తతో సమానం అనేది ఆమె పద్ధతి. చిన్నామె వద్దంది, తప్పు చేసింది ఒకరు, పేరు పోయేది 140 మంది సభ్యులది అని. పేరు లేకుండా వేద్దామని కార్యవర్గం తీర్మానం చేసింది. పేజీ కట్టేశాం.

అచ్చుకు పోవడానికి నాలుగు రోజుల ముందు ఆ ఊరివాళ్లే పదకొండు మంది ఆటోలో ఆఫీసుకు వచ్చారు. స్టేట్‌మెంట్ తీయించిన అక్క ముందు కూర్చుంది. "పేరు వేయకపోతే ప్రతి ఊరోళ్లూ పక్క ఊరిని అనుమానపడతారు. అయినా దొంగతనం జరిగింది మా ఊళ్లో అయితే, పట్టుకున్నది కూడా మా ఊళ్లోనే గదా. అది మాత్రం ఎందుకు దాస్తారు?" అనింది. గ్రామ సంఘం తీర్మానం రాసి సంతకాలు, వేలిముద్రలతో తెచ్చారు. దాంతో కార్యవర్గం మళ్లీ కూర్చుని పేరు వేయమంది. పుస్తకం మీ చేతుల్లో ఉంది, చూసుకోండి. మైకులో మాత్రం చెప్పొద్దని వాళ్లే అడిగారు. అచ్చులో అయితే చదివినవాళ్లు పూర్తిగా చదువుతారు, మైకులో అయితే పేరు విని పక్కవాళ్లతో మాట్లాడుకుంటారు అన్నారు. ఇంత తెలివైన మాట మాకు ఏ ఎడిటరూ చెప్పలేదు. అందుకని ఇక్కడ చెప్పం. సగానికి పైగా డబ్బు తిరిగి వచ్చింది, మిగతాది ఆమె కుటుంబం వాయిదాల్లో కడుతోంది. పక్క పేజీలో స్టేట్‌మెంటును పాసు పుస్తకంతో ఎట్లా సరిచూసుకోవాలో బొమ్మలతో వేశాం.

ఈ పని ఎప్పటికీ మేమిద్దరమే చేస్తే అది మళ్లీ ఆఫీసు పనే అవుతుంది. ఇదేం కొత్త ఆలోచన కాదు. చిత్తూరు జిల్లాలో 2001లోనే పొదుపు సంఘాల ఆడవాళ్లు తామే విలేకరులై 'నవోదయం' పత్రిక నడిపారు. ఉత్తరప్రదేశ్‌లోని చిత్రకూట్‌లో 2002లో 'ఖబర్ లహరియా' అనే పత్రిక పల్లె ఆడవాళ్లతో, వాళ్ల బుందేలీ మాటలో మొదలైంది. జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008 అక్టోబరు 15న దళిత మహిళా సంఘాల వాళ్లు 'సంఘం రేడియో' పెట్టుకున్నారు, విత్తనాల గురించి, వంటల గురించి, తమ మాటలో తామే మాట్లాడుకుంటారు. మన దగ్గర ఇంకా ఒక కరపత్రిక, కొన్ని వాట్సాప్ గ్రూపులు ఉన్నాయి. మన సంఘాల్లో కథ చెప్పేవాళ్లకు కొరత లేదు, రాసేవాళ్లు తక్కువ, అడిగేవాళ్లు ఇంకా తక్కువ.

కాబట్టి ఒక్కో గ్రామ సంఘం నుంచి ఒకరిని ఊరి విలేకరిగా పంపమని అడుగుతున్నాం. పదో తరగతి చదివుండాలన్న నియమం లేదు. రెండో తరగతి చదివిన అక్క ఏం పట్టిందో విన్నారు గదా. రాయలేనివాళ్లు ఫోనులో చెప్తే మేం రాసుకుంటాం, చదివి వినిపించి సరేనంటేనే వేస్తాం. సెంటీమీటర్లు కొలిచే పద్ధతి పెట్టొద్దని కార్యవర్గానికి ముందే చెప్పాం. వచ్చిన ప్రతి వార్తకూ ఒకే రేటు, ఫోను ఖర్చు వేరే. ఆ విలేకరి లీడరు చుట్టం కాకుండా ఉంటే మంచిది, లీడరు మీద అడగాల్సి వచ్చినప్పుడు ఇబ్బంది ఉండదు. యాడ్స్ తెమ్మని ఎవరూ అడగరు.

శిక్షణ మూడు రోజులు, ఇక్కడే. మొదటి రోజు ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా అనే ఆరు ప్రశ్నలు. రెండో రోజు లెక్కలు, బర్రెల లెక్క మళ్లీ వేయిస్తాం. మూడో రోజు బ్యాంకుకు పోయి స్టేట్‌మెంట్ చదవడం, మేనేజరు గారు ఒప్పుకున్నారు. భోజనాల తర్వాత గేటు పక్కన బల్ల దగ్గర చిన్నామె పుస్తకం పెట్టుకుని కూర్చుంటుంది. పేరు, ఊరు, ఫోను నంబరు రాయించుకోండి. సాయంత్రం నాలుగు బస్సుకు పోయే ఊళ్లవాళ్లు ముందు రండి.